ఎవరూ లేపకపోతే

మూలపేటలో మా సందులో
అందరికంటే ముందు పడే ముగ్గు మాదే.
పాల పెంచలయ్య రోజూ మెచ్చుకుంటాడు,
"మీ పాప ఎంత పెందలాడే లేస్తాదమ్మా" అని.
అమ్మ ఆ మాట కాదనదు.
గిన్నె చాపి పాలు పోయించుకుని
తలుపు దగ్గరగా వేసేస్తుంది.

లేచి వేసిన ముగ్గు కాదది.
పడుకోబోతూ వేసింది.

మూడున్నరకి కళ్ళాపి చల్లుతాను.
వీధి కుక్క తల కూడా ఎత్తదు, నేనంటే దానికి అలవాటే.
చేతికంటిన పిండి నైటీకి తుడుచుకుని
మంచమెక్కితే
అప్పుడొస్తుంది నిద్ర,
ఆఖరి బస్సు దిగి నడిచొచ్చిన చుట్టంలా
ఆలస్యానికి సంజాయిషీ ఏమీ చెప్పకుండా.

ఏడింటికి మూడు అలారాలు, ఒక తడిగుడ్డ,
ఆగిపోయిన ఫ్యాను.
కోవూరు రైసుమిల్లులో లెక్కలు రాసేదాన్ని.
పదింటికి ముందు రాసిన అంకెలు
నా చేతిరాతలా ఉండేవి కావు.
ఒకరోజు నూట నలభై బస్తాల్ని
పద్నాలుగు వందలు చేశాను.
ఓనరు అరవలేదు.
"రాత్రిళ్ళు ఫోను చూస్తావేం పాపా" అన్నాడు.
అరిచినా బాగుండేది.

ఫోను బీరువాలో పెట్టి అమ్మ తాళం వేసింది.
చీకట్లో పడుకుని రైళ్ళు విన్నాను.
పెన్న వంతెన మీద గూడ్సు ఎంత పొడుగో
చప్పుడుని బట్టి ఇప్పటికీ చెప్పగలను.

గసగసాల పాలు. అరికాళ్ళకి ఆముదం.
పొగతోటలో ఒకాయన థైరాయిడ్ టెస్టు రాశాడు,
ఒకాయన రక్తం తక్కువన్నాడు,
మూడో ఆయన చీటీ మీంచి తలెత్తకుండానే
పెళ్ళెప్పుడు చేస్తున్నారని అడిగాడు,
నన్ను కాదు, అమ్మని.

"మగపిల్లోడివై ఉంటే
మైపాడు కాడ రొయ్యల గుంటలకి కాపలా పెట్టేవాణ్ణి మే,
రాత్రంతా మేలుకునేవోళ్ళు దొరక్క చస్తా ఉండాం"
అన్నాడు చిన్నాయన.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఏ ఏరియేటరో
తెల్లార్లూ నా చెవిలో తిరుగుతూనే ఉంది.

రొట్టెల పండక్కి మస్తానమ్మత్త
చెరువులో మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టింది.
ఉద్యోగం రొట్టె అంటున్నారు, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె.
నిద్ర రొట్టె ఎవరి దగ్గరా లేదు.
ఆరోగ్యం రొట్టె పట్టమంది అత్త.
ఇచ్చినామె అడిగింది, "ఏం జబ్బు బిడ్డా?"
రొట్టె తడుస్తా ఉంది.
నా దగ్గర పేరు లేదు.

నాలుగో చోట డాక్టరమ్మ
నాకంటే ఏ ఐదేళ్ళో పెద్ద.
"ఎవరూ లేపకపోతే,
పొద్దున ఎక్కడికీ పోయే పని లేకపోతే
ఎప్పుడు పడుకుంటావు, ఎప్పుడు లేస్తావు?"
ఇరవయ్యారేళ్ళలో ఎవరూ అడగలేదు.
"నాలుక్కి. పన్నెండింటికి."
"లేచాక ఎలా ఉంటుంది?"
"బాగుంటుంది" అని
ఏడ్చాను.
బాగుంటుందన్న మాటకి ఎవరైనా ఏడుస్తారా?

పద్నాలుగు రోజులు రాసుకురమ్మంది.
మిల్లు లెడ్జరు లాగే గీతలు కొట్టి రాశాను.
ఈసారి అంకెలు తప్పలేదు.
అవి చూసి, చీటీ మీద
డిలేడ్ స్లీప్ ఫేజ్ అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.
చెన్నై పంపాల్సి రావచ్చంది.

ఆత్మకూరు బస్టాండులో అమ్మ
ఆ కాగితం తిప్పి తిప్పి చూసింది.
"అంటే బద్ధకం కాదా?"
"కాదంట."
"మరి చివర్లో ఈ కొక్కెం ఏంది?"
"ఇంకా తేలలేదని."
మడిచి, పర్సులో
గ్యాసు రసీదు పక్కన పెట్టింది.

ఇవాళ చుక్కలు సరిగ్గా కుదరలేదు,
ఒక వరస పక్కకి పోయింది. అలాగే వదిలేశాను.
కళ్ళు మూతపడ్డాక ఎప్పుడో
పాల డబ్బా మోత, ఆ పాత మెచ్చుకోలు,
ఆ వెంటనే అమ్మ గొంతు:
"లేచి కాదు పెంచలయ్యా,
పడుకునే ముందు ఏసింది."
ఆయన ఏమన్నాడో వినలేదు.
నిద్రలో ఉన్నాను.